పాకాల కట్ట మీద ఐదు మజిలీలు: నడిచి నేర్చుకునే చెరువు పాఠం

"పాకాల చెరువును ఎవరు తవ్వించారు?" పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు ఇది ఒక మార్కు ప్రశ్న. కాకతీయులు, గణపతిదేవుని కాలంలో అని జవాబు రాస్తాం. మార్కు పడుతుంది. తరువాతి ప్రశ్నకు పోతాం.

ప్రియమైన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ ఒక మార్కు దగ్గర ఆగిపోకుండా చెరువు దగ్గరికే పోయి, దాని చుట్టుపక్కల నడిచి, దాన్ని ఒక పుస్తకంలాగా ఎట్లా చదవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ హాస్టల్లో చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్న మేము కొందరం, హాస్టల్లోని చిన్న తరగతుల పిల్లలతో కలిసి ఈ నడక నడిచాం. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అలసిపోకుండా తిరిగివచ్చారు. ఎక్కడ ఆగాలి, ఏం చూడాలి, ఏం లెక్క కట్టాలి అన్నది మజిలీల వారీగా రాస్తున్నాం.

ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

పాకాల చెరువు వరంగల్ జిల్లా ఖానాపురం మండలంలో, నర్సంపేటకు దగ్గరలో ఉంది. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. క్రీ.శ. 1213 ప్రాంతంలో దీన్ని నిర్మించారు. అప్పటి రాజు కాకతీయ గణపతిదేవుడు. ఆయన 1199 నుంచి 1262 వరకు పాలించాడు. ఆయన మంత్రి బయ్యన నాయకుని కొడుకు జగదాళ ముమ్మడి ఈ చెరువును కట్టించాడని శాసనం చెబుతోంది. రామప్ప గుడి శాసనం కూడా 1213 నాటిదే. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రామప్ప చెరువు, లక్నవరం, ఘనపురం, పాకాల అన్నీ కాకతీయుల కాలపు చెరువులే.

చెరువు నిండితే నీళ్ళు సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. టేకు, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ, వెదురు ఈ అడవిలో కనిపిస్తాయి. కోయ గూడేలు, లంబాడీ తండాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి.

ఏ దారిన నడవాలి?

చెరువు చుట్టూ పూర్తిగా తిరగాలని అనుకోవద్దు. అది చిన్న నడక కాదు. అవతలి వైపంతా అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపల తిరగకూడదు. నీటి అంచున బురద ఉంటుంది. ఈ చెరువులో మొసళ్ళు కూడా ఉన్నాయి.

మనం చేసేది చిన్న చుట్టు. కట్ట మీద నడిచి, తూము చూసి, మత్తడిని దూరం నుంచి చూసి, కిందికి దిగి కాలువ వెంట కొంతదూరం పోయి, కట్ట కింది వైపు నుంచి మొదలైన చోటికి రావడం. మధ్యలో ఆగుతూ, రాసుకుంటూ నడిస్తే మూడు గంటలు చాలు. నవంబరు నుంచి జనవరి వరకు మంచి కాలం. అప్పుడు చెరువులో నీళ్ళుంటాయి, ఎండ తక్కువ.

మొదటి మజిలీ: కట్ట

కట్ట ఎక్కగానే అందరూ నీళ్ళ వైపు చూస్తారు. మీరు ముందు కాళ్ళ కింద చూడండి. మీరు నిలబడింది మనుషులు తట్టలతో మోసి పోసిన మట్టి మీద.

ప్రశ్నలో "తవ్వించారు" అని ఉంది కదా, నిజానికి ఇది తవ్విన చెరువు కాదు, కట్టిన చెరువు. ఇక్కడ రెండు వైపులా గుట్టలున్నాయి. వాటి మధ్య సందులోంచి వాగు పారేది. ఆ సందుకు అడ్డంగా కట్ట పోశారు. మిగిలిన వైపులన్నీ నేల తనంతట తానే ఎత్తుగా ఉంది. తక్కువ పనితో ఎక్కువ నీళ్ళు ఆగే చోటు ఎక్కడో కనిపెట్టడమే అసలు తెలివి. సర్వే పరికరాలు లేని కాలంలో ఆ చోటు చూపించింది వాన పడ్డప్పుడు నీళ్ళు ఎటు పోతాయో రోజూ చూసిన కళ్ళే అయి ఉంటాయి.

కట్ట పైన సన్నగా, కింద వెడల్పుగా ఎందుకుంటుంది? ఫిజిక్స్‌లో చదివిన పాఠం ఇక్కడ కనిపిస్తుంది. నీళ్ళ లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. ఒక మీటరు లోతుకు చదరపు మీటరు మీద ఒక టన్ను చొప్పున లెక్క. పాకాల నిండితే నీటిమట్టం సుమారు 30 అడుగులు, అంటే 9 మీటర్లు. అడుగున ప్రతి చదరపు మీటరు మీద 9 టన్నుల ఒత్తిడి. అది దాదాపు ఒక లారీ లోడు. అందుకే అడుగున అంత వెడల్పు. నీళ్ళ వైపు వాలు మీద పేర్చిన రాళ్ళు అలలకు మట్టి కోసుకుపోకుండా కాపాడతాయి. ఇంజనీర్లు దీన్ని రివిట్‌మెంట్ అంటారు.

కట్ట పొడవెంతో మేము చెప్పం. మీరే అడుగులతో కొలవండి. ముందు హాస్టల్ గ్రౌండులో టేపుతో 30 మీటర్లు కొలిచి గీత గీయండి. మామూలుగా నడుస్తూ ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. 50 అడుగులు పడితే మీ అడుగు 60 సెంటీమీటర్లు. ఇక కట్ట మీద ప్రతి వంద అడుగులకు ఒక రాయి జేబులో వేసుకోండి. చివరన రాళ్ళు లెక్కపెడితే పొడవు తెలుస్తుంది. మాతో వచ్చిన ఐదుగురికి ఐదు జవాబులు వచ్చాయి. వాటి సగటు తీశాం. కొలత అంటే ఏమిటో, తప్పు ఎంతవరకు ఉండవచ్చో లెక్కల క్లాసు కంటే అక్కడ బాగా అర్థమైంది.

రెండవ మజిలీ: కట్ట మీద నుంచి అడవి

కట్ట మధ్యలో ఆగి అవతలి ఒడ్డు చూడండి. అడవి అందంగా ఉంటుంది. అది ఈ చెరువుకు చేసే పని కూడా ఉంది.

వాన చినుకు బోడి నేల మీద పడితే మట్టిని లేపి తనతో తీసుకుపోతుంది. ఆ మట్టి చెరువు అడుగున చేరి పూడిక అవుతుంది. పూడిక పెరిగినకొద్దీ చెరువులో నీళ్ళకు చోటు తగ్గుతుంది. అదే చినుకు అడవిలో పడితే ముందు ఆకు మీద పడుతుంది, తరువాత రాలిన ఆకుల మెత్త మీద పడుతుంది, నెమ్మదిగా నేలలోకి ఇంకుతుంది. చెరువుకు వచ్చే నీళ్ళు తేటగా, నిదానంగా వస్తాయి. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా ఈ చెరువు చెరువుగానే ఉండడానికి కట్ట ఎంత కారణమో, అడవి అంత కారణం.

మన ఊరి చెరువులకు ఈ అదృష్టం లేదు. అందుకే అవి త్వరగా పూడుతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో ముఖ్యమైన పని పూడిక తీయడం. తీసిన మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. చెరువు మట్టి మంచి ఎరువు అని మన పెద్దలకు ముందే తెలుసు.

ఇక్కడ ఒక లెక్క చేయండి. చెరువు 30 చదరపు కిలోమీటర్ల మేర నిండి ఉన్నప్పుడు, ఎండకు ఒక్క రోజులో అర సెంటీమీటరు నీళ్ళు ఆవిరయ్యాయని అనుకుందాం. ఎన్ని లీటర్లు? 15 కోట్ల లీటర్లు. ఇప్పుడు 100 మంది ఉన్న ఒక హాస్టల్ తీసుకోండి. ఒక్కొక్కరు రోజుకు 100 లీటర్లు వాడితే రోజుకు 10 వేల లీటర్లు. పాకాల మీద ఒక్క రోజు ఎండకు పోయే నీళ్ళు ఆ హాస్టల్‌కు 15 వేల రోజులు, అంటే 41 సంవత్సరాలు సరిపోతాయి! ఈ లెక్క చెప్పినప్పుడు మా పిల్లలు నమ్మలేదు. కాగితం మీద వాళ్ళే రెండుసార్లు చేసి చూసుకున్నారు. మీరూ చేసి చూడండి.

మూడవ మజిలీ: తూము

చెరువులో నీళ్ళు ఆపడం సగం పనే. కావాల్సినప్పుడు, కావాల్సినన్ని వదలడం మిగిలిన సగం. ఆ పని తూముది. కట్ట అడుగు నుంచి నీళ్ళు అవతలికి పోయే దారి అది. పాతకాలపు తూములకు నీళ్ళ వైపు రాతి స్తంభాలు, వాటి మధ్య రంధ్రాలున్న రాతిపలకలు ఉండేవి. రంధ్రానికి పెట్టిన బిరడాను పైకి లేపితే నీళ్ళు పోతాయి, దించితే ఆగుతాయి. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప తలుపులు, తిప్పే చక్రాలు వచ్చాయి.

తూము దగ్గర మనం తెలుసుకోవాల్సిన పేరు ఒకటుంది. నీరటి. కొన్నిచోట్ల నీరటికాడు అంటారు. తెలంగాణ ఊళ్ళలో చెరువు కాపలా, తూము తెరవడం, మూయడం, మడులకు వంతుల ప్రకారం నీళ్ళు పారించడం నీరటి పని. వానాకాలం రాత్రి కట్టకు ఎక్కడైనా గండి పడుతుందేమోనని లాంతరు పట్టుకుని తిరిగేది ఆయనే. ఎండ్రకాయ బొరియ నుంచి నీళ్ళు ఊరుతున్నాయా, చచ్చిన చెట్టు వేరు కుళ్ళి కట్టలో సొరంగం పడిందా అని చూసేదీ ఆయనే. పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర రైతులు ఇచ్చే గింజలే ఆయన కూలి. కొన్ని ఊళ్ళలో చిన్న ఇనాం చెక్క ఉండేది.

ఈ పని చాలా ఊళ్ళలో మన దళిత కుటుంబాలదే. కట్ట మట్టి మోసే పని, రాయి కొట్టే పని ఎక్కువగా ఒడ్డెరలది. శాసనం మీద జగదాళ ముమ్మడి పేరు ఉంది. ఉండాల్సిందే, కట్టించినవాడు ఆయన. అయితే కట్టించిన తరువాత ఎనిమిది వందల వానాకాలాలు ఆ కట్ట నిలవాలంటే ప్రతి ఏడాదీ దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనుషులు ఉండాలి కదా. వాళ్ళ పేరు ఏ రాయి మీదా లేదు. పరీక్షలో వాళ్ళ మీద ప్రశ్న రాదు.

మాలో చాలామంది మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్ళం. "మా ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు" అని ఫారాలలో రాస్తూ వచ్చాం. తూము దగ్గర నిలబడ్డాక ఆ మాటకు ఇంకొక మాట కలపాలనిపించింది. బడి చదువు లేదు గానీ, నీటిమట్టం చూసి ఇంకా ఎన్ని తడులు వస్తాయో చెప్పగల చదువు వాళ్ళ దగ్గర ఉండేది. అది పుస్తకంలోకి ఎక్కలేదు. ఎక్కించగలిగిన మొదటి తరం మనమే.

నాలుగవ మజిలీ: మత్తడి

మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే దారి. కోస్తా వైపు అలుగు అని, కలుజు అని అంటారు. సాధారణంగా కట్ట చివర, నేల గట్టిగా ఉన్న చోట కడతారు. మత్తడి ఎత్తు కట్ట ఎత్తు కంటే తక్కువ. ఆ తేడానే చెరువు ప్రాణం. నీళ్ళు కట్ట మీదుగా పొర్లితే మట్టి కోసుకుపోయి గండి పడుతుంది. అంతదాకా రాకముందే మత్తడి మీదుగా పోవాలి.

మన దగ్గర "చెరువు మత్తడి దుంకింది" అంటే పండుగే. ఊరంతా చూడటానికి పోతుంది. కట్ట మైసమ్మకు మొక్కుతారు. దుంకిన నీళ్ళు ఊరికే పోవు. ఒక చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువుకు, దాని మత్తడి నీళ్ళు ఇంకా కింది చెరువుకు చేరేలా కట్టినవే గొలుసుకట్టు చెరువులు. పాకాల నుంచి పోయే నీళ్ళు మున్నేరులో కలుస్తాయి. మున్నేరు ఖమ్మం పక్క నుంచి పోయి కృష్ణానదిలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళు మునిగిన సంగతి మనకు తెలుసు. పైన అడవి, చెరువులు, వాగులు ఎట్లా ఉన్నాయన్నది కింద పట్నంలో ఉన్నవాళ్ళ సమస్య కూడా.

మత్తడిని దూరం నుంచే చూడండి. రాళ్ళ మీద పాచి ఉంటుంది. మోకాలి లోతు నీళ్ళు కూడా మనిషిని పడగొట్టి లాక్కుపోతాయి.

ఐదవ మజిలీ: కాలువ, ఆయకట్టు

కట్ట దిగి కాలువ వెంట నడిస్తే ఆయకట్టు కనిపిస్తుంది. అంటే చెరువు నీళ్ళు పారే భూమి. పాకాల కింద వేల ఎకరాలున్నాయి. కట్ట కింద బావుల్లో నీళ్ళు ఎండాకాలంలో కూడా పైపైనే ఉంటాయి. కట్ట నుంచి మెల్లగా ఊరే నీళ్ళే అందుకు కారణం.

కాలువ గట్టు మీద పార పట్టుకున్న ఒక పెద్దాయనను "చివరి మడికి నీళ్ళు ఎప్పుడొస్తాయి తాతా?" అని అడిగాం. ఆయన నవ్వి, "మీది మడి నిండకుంట కింది మడికి ఎట్ల వస్తయి బిడ్డా? మీదోడు మడువ మూస్తేనే కిందోనికి" అన్నాడు. సాంకేతిక పుస్తకాలు దీన్నే చివరి ఆయకట్టు సమస్య అంటాయి. తూముకు దగ్గర పొలం ఉన్నవాడికి నీళ్ళు ముందు. చివరన ఉన్నవాడికి మిగిలితేనే. పేదవాళ్ళ చెక్కలు ఎక్కువగా ఎక్కడ ఉంటాయో మీ ఊరి ఆయకట్టు మీద మీరే గుర్తుపెట్టి చూడండి.

చెరువు, రాజ్యాంగం

ఈ నడకలో కనిపించని మజిలీ ఒకటి ఉంది. మనం ఇంత స్వేచ్ఛగా కట్ట మీద నడిచాం, రేవు దగ్గర కూర్చున్నాం, పులిహోర తిన్నాం. ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉన్నది కాదు.

మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చౌదార్ చెరువు ఉంది. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నీటి వనరులు అంటరానివారికి కూడా తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం చెరువు అందరిదీ అంది. కానీ కాగితం మీదే. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది వరుసగా నడిచి ఆ చెరువు దగ్గరికి పోయి నీళ్ళు తాగారు. దాని కోసం దెబ్బలు తిన్నారు. కోర్టు కేసు పదేళ్ళు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది.

రాజ్యాంగం 15వ అధికరణం రెండవ క్లాజు తీసి చూడండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని ఉంది. చెరువు అనే మాట మన రాజ్యాంగంలో ఉందని మాలో కొందరికి పీజీకి వచ్చేదాకా తెలియదు. ఒకప్పుడు ఎన్నో ఊళ్ళలో తూము తెరిచే చెయ్యి ఒకటి, రేవులో ముందుగా నీళ్ళు ముంచుకునే చెయ్యి వేరొకటి. ఆ చెరువు కట్ట మీద నోటుబుక్కు పట్టుకుని నడవడం వట్టి విహారం కాదు.

జాగ్రత్తలు

1. వార్డెన్ సార్ అనుమతి, అటవీశాఖ సిబ్బంది అనుమతి లేకుండా పోవద్దు. పెద్దలు తోడు ఉండాలి.
2. ఎంత ఈత వచ్చినా నీళ్ళలోకి దిగవద్దు. తూము దగ్గర లోపలికి లాగే ఒత్తిడి పైకి కనిపించదు. సెలవుల్లో చెరువుకు పోయి తిరిగిరాని పిల్లల వార్తలు ప్రతి ఏడాదీ చదువుతున్నాం. మన హాస్టల్ నుంచి అట్లాంటి వార్త రాకూడదు.
3. ఇద్దరిద్దరు జతగా నడవండి. ప్రతి మజిలీలో తలలు లెక్కపెట్టండి.
4. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. తలకు తువ్వాల, నీళ్ళ సీసా, నోటుబుక్కు, పెన్సిలు చాలు.
5. ప్లాస్టిక్ కాగితాలు తిరిగి తెచ్చుకోండి. కోతులకు తిండి పెట్టవద్దు. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు చూడాలంటే అరవకుండా నడవాలి.

అభ్యాసం

పాకాల పోలేనివాళ్ళు సెలవుల్లో మీ ఊరి చెరువు మీద ఇదే నడక నడవండి. పెద్దవాళ్ళను తోడు తీసుకుని ఈ పనులు చేయండి.

1. చెరువు పటం గీయండి. కట్ట, తూములు, మత్తడి, కాలువలు, శిఖం భూమి గుర్తించండి. ప్రతి కాలువకూ ఊళ్ళో ఏ పేరుందో రాయండి.
2. కట్ట పొడవు అడుగులతో కొలవండి. కనీసం ముగ్గురు కొలిచి సగటు తీయండి.
3. మత్తడి దుంకిన నీళ్ళు ఏ చెరువుకు, ఏ వాగుకు, చివరికి ఏ నదికి చేరతాయో కనుక్కోండి.
4. ఒక చదరపు కిలోమీటరు అడవి మీద ఒక సెంటీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లు? లెక్క చేసి చూడండి. జవాబు కోటి లీటర్లు రావాలి.
5. మీ ఊరి చెరువుకు చివరి నీరటి ఎవరు? బతికి ఉంటే ఆయన దగ్గర, లేకపోతే ఇంటివాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. ఏ నెలలో తూము తెరిచేవారు, వంతులు ఎట్లా పెట్టేవారు, కట్టకు ఎప్పుడైనా గండి పడిందా, ఆ రాత్రి ఎవరెవరు పోయారు. ఆయన చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాయండి. పేరు, ఇంటిపేరు తప్పు లేకుండా రాయండి.

ఐదో ప్రశ్నకు ఏ గైడులోనూ జవాబు దొరకదు. దాన్ని చెప్పగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. పూర్వ విద్యార్థులకు మా మనవి కూడా ఇదే. మీరు ఏ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నా, పండుగకు సొంత ఊరు వచ్చినప్పుడు ఒక పూట ఈ పనికి ఇవ్వండి. రాసినవి హాస్టల్‌కు పంపితే వచ్చే వార్షిక సంచికలో వరుసగా వేద్దాం. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క పేజీ అయినా చాలు.